ఐదు యాప్‌లకు ఒకటే గుమ్మం

మనకొచ్చే మెసేజీలకు మనమే జవాబివ్వాలనుకోవడం వట్టి మోటుతనం. బట్టలు ఉతకడానికి మెషీన్ పెట్టుకున్నాం, గిన్నెలు తోమడానికి మెషీన్ పెట్టుకున్నాం. "బాగున్నారా?" అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా సొంత వేళ్లు అరగదీసుకుంటున్నాం! ఇదేం నాగరికత?

నా మాట మీద గురి కుదరకపోతే మా రేవు పట్టణం స్ఫాక్స్‌లో కళ్లజోళ్ల శాద్లీని చూడండి. గేట్‌వే అనే మహత్తరమైన వస్తువు ఒక మనిషి బతుకును ఎలా ఉద్ధరించిందో ఆయన కథ వింటే తెలుస్తుంది. వినకపోతే మీ ఖర్మ.

శాద్లీకి యాభై ఏడేళ్లు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. బాబ్ దీవాన్ కోటగుమ్మం దాటి పాత ఊళ్లోకి అడుగుపెట్టగానే ఎడమచేతి సందులో ఆయన కొట్టు. చూపు పరీక్షించి కళ్లజోళ్లు చేసిస్తాడు. మంచివాడు, అంతకు మించి మొహమాటస్తుడు. ఎవరైనా కొత్త ఫ్రేము పెట్టుకుని "నాకు నప్పిందా?" అని అడిగితే, నప్పలేదని చెప్పే ధైర్యం లేక, ముందు తన కళ్లజోడు తీసేసి, ఆ తర్వాత వాళ్ల వంక చూసి "అద్భుతం!" అనేవాడు.

అలాంటి మనిషిని ఫోను పీక్కుతినేది. కస్టమర్లు వాట్సాప్‌లో. మహ్దియాలో ఉండే అక్క ఫత్హియా మెసెంజర్‌లో. ఫుట్‌బాల్ అభిమానులు టెలిగ్రామ్‌లో. కెర్కెనా దీవుల్లో ఆక్టోపస్‌లు పట్టే పాత స్నేహితులు వైబర్‌లో. అద్దాలు పంపే కంపెనీవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో. ఐదు యాప్‌లు, ఐదు రకాల కూతలు! ఒకటి కోడిలా కూస్తే ఇంకొకటి కప్పలా బెకబెకమనేది.

ఒకసారి అక్క మోకాలి నొప్పికి జవాబు రాస్తూ రాస్తూ, పెళ్లిళ్లు నమోదు చేసే నోటరీ గారి కళ్లజోడుకు కుడి అద్దం ఎడమకూ ఎడమ అద్దం కుడికీ బిగించేశాడు. ఆ వారంలో జరిగిన ఒక పెళ్లిలో నోటరీ గారు పెళ్లికొడుకును వదిలేసి వంటాయన చేత సంతకం పెట్టించబోయారని అంటారు. నేను చూడలేదు. చూసినవాళ్లు మాత్రం వంటాయనే బాగున్నాడన్నారు.

ఈ అవస్థ చూడలేక దారి చూపించినవాడు హమ్మాదీ. చేపల బజారులో కొట్టు, శాద్లీకి చిన్ననాటి స్నేహితుడు.

"ఒరేయ్, ఐదు తలుపులకీ ఐదుసార్లు పరిగెత్తడం ఎందుకురా? గేట్‌వే పెట్టుకో," అన్నాడు.

"అంటే ఏంట్రా?"

"అన్ని యాప్‌ల మెసేజీలూ ఒకటే గుమ్మంలోంచి లోపలికొస్తాయి. లోపల ఏఐ కూర్చుని ఉంటుంది. చదువుతుంది, నీ బదులు జవాబు రాస్తుంది, ఎవరి యాప్‌లో వాళ్లకి పంపేస్తుంది. నువ్వు చెయ్యి కూడా కదపక్కర్లేదు. నా చేపలు అదే అమ్ముతోంది. మొన్న ఒకావిడ చేప తాజాదేనా అనడిగితే, 'అమ్మా, తను చచ్చిపోయానని అది ఇంకా నమ్మడం లేదు' అని రాసింది. నా బుర్రకి తట్టేదా ఆ ముక్క?"

శాద్లీ బల్ల కింద పాత కంప్యూటర్ ఒకటి పెట్టించాడు. హమ్మాదీ పక్కన కూర్చుని ఐదు యాప్‌లనూ ఒక్కొక్కటిగా గేట్‌వేకి కలిపాడు. ఆఖర్న తెర మీద రెండు ప్రశ్నలు వచ్చాయి.

మొదటిది: ఈ గుమ్మంలోంచి ఎవరిని రానివ్వాలి? మిమ్మల్ని ఒక్కరినా, మీరు చెప్పినవాళ్లనా, అందరినా? శాద్లీ "అందరినీ" అని నొక్కాడు. కొట్టు తెరిచిపెట్టుకుని మనుషుల్ని వద్దంటారా ఎవరైనా?

రెండోది: ఒక్కొక్కరి మాటలు విడివిడిగా దాచాలా, అందరివీ కలిపి ఒకే చోట గుర్తుపెట్టుకోవాలా?

"ఆగరా, అది సరిగ్గా చదివి నొక్కు," అన్నాడు హమ్మాదీ.

అప్పటికే ఒక ముసలాయన గుమ్మంలో నిలబడి కావాలని దగ్గుతున్నాడు. శాద్లీ "ఒకే చోట" అని నొక్కేసి లేచాడు. మనిషికి ఒకటే బుర్ర ఉన్నప్పుడు యంత్రానికి అన్నెందుకు?

దానికి హాజిబ్ అని పేరు పెట్టుకున్నాడు. పూర్వం ప్రభువుల వాకిట్లో నిలబడి, వచ్చేపోయేవాళ్లను చూసుకునే ఉద్యోగిని అలాగే పిలిచేవారు. పేరు పెట్టాక రెండు ఆజ్ఞలు ఇచ్చాడు. "మర్యాదగా ఉండు. ఎవరితోనూ అబద్ధం ఆడకు."

మొదటి ఆజ్ఞ వల్ల ఎవరికీ నష్టం రాలేదు.

ఆ తర్వాత శాద్లీ వైభవం చూడాలి! ఏళ్ల తరబడి ఎవరికీ సరిగ్గా జవాబివ్వని మనిషి ఒక్క రోజులో ఊరికి ఆత్మబంధువైపోయాడు. మోకాలికి ఏ నూనె రాయాలో, ఎన్నిసార్లు రాయాలో అక్కకు రోజూ రాసేవాడు. ఫుట్‌బాల్ సంఘానికి ఓటమి తర్వాత నాలుగు పేజీల ఓదార్పు పంపేవాడు. కంపెనీవాళ్ల మేనేజరు పిల్లి ఈనితే శుభాకాంక్షలు చెప్పి, ఐదు పిల్లలకూ పేర్లు సూచించాడు. ఈద్ నాడు ఉప్పుచేప, ఉల్లిపాయల ఎండుద్రాక్షల షర్మూలా పులుసు తిని కడుపులో మంటన్నవాళ్లకు సోంపు కషాయం చెప్పాడు.

ఇవన్నీ ఎవరు చేశారో మనకు తెలుసు. ఊరికి తెలియదు. "శాద్లీ ఎంత మారిపోయాడు!" అని ఆడవాళ్లు మొగుళ్లను దెప్పడం మొదలుపెట్టారు. ఒకటే జ్ఞాపకం కాబట్టి అప్పుడప్పుడూ ఒకరిది ఒకరికి అంటుకునేది. గోల్‌కీపర్‌కి దూరపు చూపు పరీక్ష చేయించమని అభిమాన సంఘానికి సలహా వెళ్లింది. కానీ అది నిజంగానే మంచి సలహా!

చేతులు ఖాళీ అయ్యేసరికి శాద్లీకి ఒక చిక్కు వచ్చిపడింది. ఆలోచించడానికి తీరిక దొరికింది.

ఎదురు కొట్టు వసీలాది. గుండీలు, దారాలు, జరీ అంచులు అమ్ముతుంది. యాభై రెండేళ్లు, భర్త లేడు. ఆమెకు ఏ యాప్ లేదు. కొట్టులో తీగ ఉన్న పాత ఫోను ఒకటి ఉంది, అది మోగినా సగం సార్లు ఎత్తదు. నవ్వితే ఆమె ఎడమ కన్ను కుడికన్నా ముందు నవ్వుతుంది. ఇది శాద్లీ సొంతంగా కనిపెట్టిన విషయం, కంటి పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆరేళ్ల క్రితం కనిపెట్టాడు. ఆమెకు తప్ప ఎవరికి చెప్పినా ప్రయోజనం లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు.

వేసవిలో మా ఊళ్లో మధ్యాహ్నం కొట్లు మూస్తారు. ఆ వేళ శాద్లీ సగం తలుపు వేసుకుని, ట్యూనా శాండ్‌విచ్ తింటూ హాజిబ్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఒక ఆవిడకి ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలి?"

"ఎవరికి, ఏ మాట?" అంది హాజిబ్.

ఆరేళ్లుగా మూత బిగించి ఉంచిన సీసా అది. పొంగింది! శాద్లీ మూడు మధ్యాహ్నాల పాటు చెప్పాడు, ఆమె కళ్లజోడు బిగించే రహస్యంతో సహా. హాజిబ్ మూడు రకాల ఉత్తరాలు రాసిచ్చింది, ఒకదాంట్లో చందమామ కూడా ఉన్నాడు. శాద్లీ చదివి చెమట తుడుచుకున్నాడు.

"ఇప్పుడొద్దు. గుర్తుపెట్టుకో, చాలు."

హాజిబ్ గుర్తుపెట్టుకుంది. అన్నీ ఒకే చోట.

మర్నాడు ఒక పంతులమ్మ వాట్సాప్‌లో "నా కళ్లజోడు అయిందా?" అని అడిగింది. "ఇంకా లేదు. వసీలా గారు నిన్న తొందరగా కొట్టు మూసి వెళ్లారు. అప్పటినుంచి నా మనసు పనిమీద లేదు," అని జవాబు వెళ్లింది. కెర్కెనా స్నేహితులు "ఎలా ఉన్నావురా?" అంటే, "ఎదురు కొట్టు వసీలా గారి మీద ఆరేళ్లుగా ప్రేమతో, చెప్పలేని పిరికితనంతో ఉన్నాను. మిగతా ఆరోగ్యం బాగుంది," అని వెళ్లింది.

అబద్ధం ఒక్కటైనా ఉందా అందులో? చెప్పండి!

నాలుగు రోజులకు ఊరి వాలకం మారింది. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు శాద్లీ భుజం తట్టి వెళ్తున్నారు. ఎవరో బల్ల మీద మల్లెమొగ్గల చెండు పెట్టిపోయారు. ఫుట్‌బాల్ సంఘంవాళ్లు సందు మొదట్లో నిలబడి, గోల్ ముందు భయపడకూడదనే అర్థం వచ్చే పాట ఒకటి అందుకున్నారు. శాద్లీ ఇదంతా మ్యాచ్ గొడవే అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున మహ్దియా నుంచి షేర్ టాక్సీలో అక్క దిగింది. చేతిలో పళ్లెం, పళ్లెం నిండా ఖర్జూరం కూరిన మిఠాయి, మక్రూద్‌లు.

"ఎక్కడ్రా పిల్ల?" అంది గుమ్మంలోంచే.

"ఏ పిల్ల అక్కా?"

"యాభై రెండేళ్ల పిల్ల! గుండీల కొట్టు పిల్ల!"

శాద్లీ చేతిలో అద్దం జారి రెండు ముక్కలైంది. "నీకెవరు చెప్పారు?"

"నువ్వే కదరా రాశావు! పుట్టిన దగ్గరనుంచీ మొదటిసారి మా తమ్ముడు మనసు విప్పి రాశాడని ఏడ్చాను కూడా. మా కోడలు నీళ్లు తెచ్చిచ్చింది."

శాద్లీ బల్ల కిందికి వంగి గబగబా టైపు చేశాడు. "నా సంగతి ఎంతమందికి చెప్పావు?"

"అడిగినవారికే చెప్పాను," అంది హాజిబ్. "మూడు వందల నలభై ఒక్కమంది అడిగారు. అందరితోనూ మర్యాదగానే మాట్లాడాను."

శాద్లీ ప్లగ్గు పీకేశాడు. ఫోన్లో ఐదు యాప్‌లూ తీసేశాడు. నేల మీదే చతికిలబడ్డాడు. ఈ లోపు కబురు విని హమ్మాదీ పొలుసుల చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏడవకురా. ఊరందరికీ తెలిస్తేనేం? ఆవిడకి ఒక్క యాప్ కూడా లేదుగా! ఆవిడకి తెలిసే దారే లేదు."

శాద్లీ ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. అంతలో గుమ్మంలో నీడ పడింది. వసీలా!

"శాద్లీ గారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడగండి," అన్నాడు నేలమీంచే.

"నాకు పెళ్లట. నిజమేనా?"

హమ్మాదీ గోడవైపు తిరిగి కళ్లజోళ్ల ధరలు చదవసాగాడు. ఫత్హియా నోట్లో మక్రూద్ అలాగే ఉండిపోయింది.

"ఇందాక ఒకావిడ తెల్లగుండీలు కొంటూ నాకు ముబారక్ చెప్పింది. దేనికమ్మా అంటే, మీ పెళ్లికే అంది. పెళ్లికొడుకెవరో కూడా ఆవిడే చెప్పింది. అంత శుభవార్త తెచ్చింది కదా అని రెండు గుండీలు ఎక్కువిచ్చి పంపాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒళ్లు మండింది."

"క్షమించండి వసీలా గారూ. ఆ యంత్రం..."

"యంత్రాన్ని ఏమనకండి. దానికి నోరుంది, చెప్పింది. అద్దాల కంపెనీవాళ్లకి తెలుసు. ఆక్టోపస్‌లు పట్టేవాళ్లకి తెలుసు. ఈపాటికి ఆక్టోపస్‌లకి కూడా తెలిసుంటుంది! ఎదురుగా కూర్చున్నదాన్ని, నాకు గుండీలు కొనే ఆవిడొచ్చి చెప్పాలా? నా కళ్లజోడు మర సగం వదులుగా వదిలేస్తారట కదా, నేను మళ్లీ రావాలని?"

శాద్లీ తల దించుకుని ఊపాడు.

"మీరు వదిలిన మర ఊడటానికి నెలరోజులు పట్టేది," అంది వసీలా. "ఇంటికెళ్లి గోటితో మిగతా సగం నేనే విప్పేదాన్ని."

శాద్లీ చెయ్యి తనకు తెలియకుండానే కీబోర్డు కోసం వెతికింది. మూడు ఉత్తరాలూ అందులోనే ఉన్నాయి, చందమామతో సహా. ప్లగ్గేమో అక్క కాలి దగ్గర పడి ఉంది.

"దాన్ని వెతక్కండి. నోటితో చెప్పండి," అంది వసీలా.

శాద్లీ లేచి నిలబడ్డాడు.

"మధ్యాహ్నం మీరు కొట్టు మూసి వెళ్తారు కదా... మళ్లీ తెరిచేదాకా నాకు ఏం తిన్నా రుచి తెలియదు." "అంతే," అన్నాడు.

"ఇది ఏ యాప్‌లోనూ రాలేదే!" అన్నాడు హమ్మాదీ, గోడవైపు నుంచే.

"ఇప్పుడే తోచింది," అన్నాడు శాద్లీ.

వసీలా ఎడమ కన్ను ముందు నవ్వింది. తర్వాత రెండోది. "వారం రోజులు ఆలోచించుకుంటాను. ఈలోపు ఇంకొక్కరికి చెప్పారో, ఊరుకోను," అనేసి వెళ్లిపోయింది. వారం కాదు, మూడో రోజే ఒప్పుకుంది. ఆకురాలే కాలంలో పెళ్లయింది. నోటరీ గారు ఈసారి సరైన మనిషి చేతే సంతకం పెట్టించారు.

కాబట్టి పాఠకులారా, గేట్‌వే వరమా కాదా? దాన్ని పీకేయడమే శాద్లీ చేసిన పొరపాటని నా దృఢమైన అభిప్రాయం. ఇందులో నా స్వార్థం రవ్వంత కూడా లేదు.

నా కళ్లజోడు జూన్ నెల నుంచి ఆయన దగ్గరే ఉంది. ఈ వ్యాసం కాగితాన్ని మూరెడు దూరంలో పట్టుకుని రాస్తున్నాను. మెసేజ్ పెడదామంటే మనిషి ఏ యాప్‌లోనూ లేడు. నిన్న స్వయంగా వెళ్లాను. కొట్టుకు తాళం! ఎదురు కొట్టులో నిచ్చెనెక్కి గుండీలు రంగులవారీగా సర్దుతున్నాడు.

"నా కళ్లజోడు అయిందా శాద్లీ?" అని అడిగాను.

"ఆఖరి మెరుగులు దిద్దుతున్నాను. రేపు, ఇన్‌షాఅల్లాహ్," అన్నాడు, నిచ్చెన దిగకుండా, నా కళ్లలోకి చూసి, ఎంతో ప్రేమగా.

హాజిబ్ ఉండుంటే, కనీసం నిజం చెప్పేది.