డోర్తా అక్క హ్యాండ్‌బ్యాగుకి ఏ తూటా?

ఏమోయ్, నిన్నే! రివాల్వర్ కొనడమంటే చెప్పులు కొన్నట్టు, కాలు దూర్చి చూసి వచ్చెయ్యడమే అనుకున్నావా? మా ఓక్లహోమాలో ఆ మాట పైకి అనకు. కాఫీ కూడా పొయ్యరు.

మొన్న వసంతంలో మా ఊరి డోర్తా అక్క, వెర్లిన్ నడిపే తుపాకుల షాపుకొచ్చింది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. "రోజూ పొద్దు వాలేసరికి ఎవరో ఒకరు నా వరండా ఎక్కుతున్నార్రా. ఇంట్లో ప్రశాంతంగా కూర్చోలేకపోతున్నా. బ్యాగులో పట్టే చిన్న రివాల్వర్ ఒకటియ్యి. వేళ్లు నొప్పులు, పేల్చగానే చేతిని మరీ తన్నేది వద్దు" అంది.

ఒక ఆడమనిషి ప్రశాంతతకు సంబంధించిన విషయం కనుక, కాఫీ తాగుతున్న మగవాళ్లంతా తక్షణం నిపుణులైపోయారు.

"ముప్పై ఎనిమిది సైజు తూటా చాలక్కా" అన్నాడు వెర్లిన్.

కాఫీ తాగేవాళ్లలో రాయ్స్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "ముప్పై ఎనిమిదెక్కడ, మూడొందల యాభై ఏడెక్కడ! తొమ్మిది రెట్లు పెద్దది! రేపు వచ్చేది ఎలుగుబంటి అయితే?"

"మనూళ్లో ఎలుగుబంటి ఎక్కడుందిరా?"

"లేదు కాబట్టే ఎప్పుడొస్తుందో తెలీదు!"

ఈ అమోఘమైన వాదనతో ఊరు రెండుగా చీలింది. చర్చి విందులో వేయించిన క్యాట్‌ఫిష్ ముందు రెండు వరసలు నిలబడ్డాయి. పాస్టరుగారు ఏ సైజూ నొచ్చుకోకుండా ప్రార్థన చేశారు. అక్క అరచెయ్యి కొలవడానికి ఒక బృందం, మణికట్టు పరీక్షకి ఇంకో బృందం, హ్యాండ్‌బ్యాగు పట్టీ బలం తేల్చడానికి మూడోది, ప్రతి సాయంత్రం ఆవిడ వరండా మీదే సమావేశమై, ఆవిడ బిస్కెట్లన్నీ తిని, నిర్ణయాన్ని ఏకగ్రీవంగా వాయిదా వేశాయి.

ఇక నా వంతు. రెండు తూటాల లావూ ఒకటేనని నాకు తెలుసు. పెద్ద అంకెదాని ఇత్తడి గొట్టం కాస్త పొడుగు, లోపల మందు కాస్త ఎక్కువ, అంతే. చిన్నది పెద్దదాని రివాల్వర్లో హాయిగా పడుతుంది. షూటింగ్ మైదానంలో రాయ్స్ మూడొందల యాభై ఏడు రివాల్వర్ నిండా ఎవరికీ తెలీకుండా ముప్పై ఎనిమిదులే కూరి చేతికిచ్చాను.

పేల్చాడు. "అబ్బా! భుజం ఊడొచ్చిందిరా! ఇదీ మూడొందల యాభై ఏడంటే!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పక్కన వెర్లిన్, "చూశారా, అది మనుషులు పేల్చేది కాదు" అని తల పంకించాడు.

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటూ నేరుగా అక్క వరండా ఎక్కి, ఇద్దర్నీ ఎలా బురిడీ కొట్టించానో చెప్పాను. అక్క కూడా పగలబడి నవ్వింది.

"ఇంతకీ నువ్వే సైజు కొన్నావక్కా?"

రివాల్వర్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ముప్పై ఎనిమిది. తూటాలు మాత్రం కొనలేదు."

"తూటాల్లేకుండా ఎందుకే?"

"ఈ రివాల్వర్ ఎవరికోసమని ఒక్క వెధవైనా అడిగాడట్రా? మా ఆయన పోయిన దగ్గర్నించీ పిలవకుండా ఈ వరండా ఎక్కి సలహాలు చెప్పేది మీరే కదరా! మీకు చూపిస్తే చాలు."

నేను మెట్లు దిగేశాను. అంతగా నవ్వకు. ఇంతసేపూ ఏ తూటా, ఏ తూటా అని నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నావే, ఎవరికోసమని నువ్వు మాత్రం అడిగావా?