మలికిపురంలో ఏసీ మీద హత్యాయత్నం

“నూకరాజూ, ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్ళు, ఇంకా చిక్కనివాళ్ళు.”

నా టైలరింగ్ షాపులో, నా ఇస్త్రీ బల్ల మీద, నేనప్పుడే ఇస్త్రీ చేసిన పెళ్ళికొడుకు ప్యాంటు మీద కూర్చుని డిటెక్టివ్ తాతాజీ ఈ ప్రకటన చేశాడు. అతని లెక్కలో మొదటి రకంలో ఇంతవరకూ ఎవరూ లేరు. మిగతా ప్రపంచమంతా రెండో రకంలోనే ఉంది.

తాతాజీకి మలికిపురం సెంటర్లో అద్దె నవలల షాపుంది. ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చాక నవలలు అద్దెకు తీసుకునే నాథుడు లేడు. దాంతో షాపులో ఉన్న క్రైమ్ నవలలన్నీ తాతాజీయే చదివేశాడు. ఫలితంగా మే నెలలో కూడా నల్లకోటు వేసుకు తిరుగుతున్నాడు. ఆ కోటు కుట్టింది నేనే. లోపలివైపు బోలెడు రహస్య జేబులు కావాలన్నాడు. ఒకదాంట్లో భూతద్దం ఉంటుంది. మిగతావాటిలో వేరుశనక్కాయలు ఉంటాయి.

“చూస్తూ ఉండు. ఈ క్షణంలో ఒక మహానేరం నన్ను వెతుక్కుంటూ వస్తోంది” అన్నాడు.

బుల్లిరాజు వచ్చాడు.

బుల్లిరాజు మస్కట్‌లో ఏసీ ఇంజనీరు. కనీసం మలికిపురం అంతా అలాగే అనుకుంటుంది. పోయిన సెలవుల్లో కార్గోలో ఒక ఏసీ పంపించి మేడ మీద గదిలో పెట్టించాడు. వీధి మొత్తానికి అదొక్కటే ఏసీ. సాయంత్రమైతే చుట్టుపక్కల వాళ్ళంతా చల్లగాలి కోసం అక్కడికే చేరతారు. బుల్లిరాజు భార్య కామేశ్వరిని ఊళ్ళో ఎవరూ పేరుపెట్టి పిలవరు. ‘ఇంజనీరుగారి ఆవిడ’ అంటారు.

అయితే నాకో విషయం తెలుసు. బుల్లిరాజు సెలవులకి వచ్చిన ప్రతిసారీ మండుటెండల్లో ఫుల్ చేతుల చొక్కాలే కుట్టించుకుంటాడు. ఈసారి కొలతలు తీసుకుంటున్నప్పుడు చేయి పైకెత్తాడు. ముంజేతి నిండా నూనె చిట్లిన మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. నేనేం అడగలేదు. ఆయనే తల దించుకుని చెప్పేశాడు.

“క్యాంటీన్లో పరోటాలు వేస్తానండి. పెళ్ళిచూపుల్లో నోరు జారి ఇంజనీరునన్నాను. ఇంక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదండి. ఏసీ గురించి నాకు తెలిసిందల్లా, అదున్న గది తలుపు బయట నుంచి ఎలా ఉంటదో అంతేనండి.”

అలాంటి మనిషి ఇప్పుడు చెమటలు కక్కుతూ నా షాపు గుమ్మంలో నిలబడ్డాడు.

“కొంప మునిగిందండి నూకరాజుగారూ! మూడ్రోజుల నుంచి ఏసీ చల్లగా రావట్లేదండి. కాసేపు గురక పెడతది, టక్కుమని ఆగిపోతది, మళ్ళీ గురక మొదలెడతది. ఏదో వాసన కూడానండి. కరెంటు మీటరు చూస్తే రంగులరాట్నంలా తిరిగేస్తోంది. ఇంజనీరుగారే ఉన్నారు కదా, ఒక్క నిమిషంలో బాగుచేసేస్తారని వీధంతా నా మొహమే చూస్తోందండి.”

“మెకానిక్కుని పిలిపించకపోయారా?”

“ఇంజనీరు మెకానిక్కుని పిలవడమేటండీ, పరువేం కాను?”

తాతాజీ బల్ల మీంచి దిగాడు. పెళ్ళికొడుకు ప్యాంటు అతని వెనక అతుక్కుని కొంతదూరం వచ్చింది.

“గురక. ఊపిరాడకపోవడం. అంతుచిక్కని వాసన” అన్నాడు పళ్ళు బిగించి. “బుల్లిరాజుగారూ, ఇది రిపేరు కాదు. హత్యాయత్నం!”

బుల్లిరాజు మొహం వెలిగిపోయింది. ఆ మాట విని అంత సంతోషించిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నేరమైతే అది డిటెక్టివ్ పని. ఇంజనీరుకి సంబంధం లేదు.

“ఆయ్! ఆయ్! నేనూ అదే అనుకుంటున్నానండి” అన్నాడు.

* * *

మేడ గదిలో అప్పటికే పది మంది ఉన్నారు. ముసురు పట్టి మబ్బులు కమ్మినా ఉక్కపోత తగ్గలేదు. కిటికీలో ఉన్న ఏసీ ఆయాసపడుతూ, మూలుగుతూ గోరువెచ్చటి గాలి వదులుతోంది. దాని ముందు కుర్చీలో కొబ్బరికాయల వ్యాపారి కొండయ్య తువ్వాలుతో విసురుకుంటున్నాడు. ఏసీ రాకముందు ఆ వీధిలో గొప్పవాడు ఆయనే.

“ఇంజనీరు ఇంట్లో ఏసీకి జొరమొచ్చిందేటండీ?” అన్నాడు. “మా ఇంట్లో టేబుల్ ఫ్యానుంది, పంపమంటారా?”

గుమ్మం దగ్గర నిలబడ్డ కామేశ్వరి తలెత్తలేదు. బుల్లిరాజు ఆమె వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

“ఎవరూ కదలొద్దు!” అని తాతాజీ గర్జించాడు. “బాధితుడి ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు!”

ఏసీకి చెవి ఆనించాడు. నాడి చూశాడు. భూతద్దం తీశాడు. ఏసీ జాలీలోంచి చీమల బారు ఒకటి గోడ మీదికి దిగుతోంది.

“చీమలు!” అన్నాడు.

“అవునండీ, చీమలే” అంది కామేశ్వరి.

“మీకు చీమలు. నాకు సాక్షులు.”

విచారణ కామేశ్వరి తల్లి వీరాయమ్మతో మొదలైంది. ఆవిడ కూతురితోపాటు ఆ ఇంట్లోనే ఉంటుంది. చేతులు పైట చాటున పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

“మామ్మగారూ, ఈ మెషీన్ దగ్గరికి ఎవరైనా అనుమానాస్పదంగా వెళ్ళడం చూసేరా?”

“దాని జోలికి ఎవరెళ్తారు బాబూ? ఇంజనీరు తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదని అల్లుడుగారు ముందే చెప్పేరు కదా. చెయ్యి పెడితే మాడి మసైపోతారంట.”

“చేతులు చూపించండి.”

ఆవిడ భయంభయంగా చాపింది. వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

“పసుపు” అని తాతాజీ నమస్కారం పెట్టాడు. “పూజ మధ్యలోంచి లేచొచ్చారు. ధర్మాత్మురాలు. నూకరాజూ, ఈవిణ్ణి అనుమానితుల్లోంచి తీసెయ్.”

వీరాయమ్మ హమ్మయ్య అనుకుంటూ వెనక్కి తప్పుకుంది.

తర్వాత పెరట్లోకి వెళ్ళాం. ఏసీ వెనకభాగం మేడ కిటికీలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. పక్కనే బయటి మెట్లు. ఇనప స్టాండుతో సహా ఏసీ వెనకంతా కప్పేస్తూ ఒక తాటాకు చాప కొబ్బరితాడుతో బిగించి ఉంది.

“ఎంత ముందుచూపు!” అన్నాడు తాతాజీ. “ఎండా వానా తగలకుండా చాప కట్టించారు. ఇంజనీరంటే అలా ఉండాలి.”

“ఆ చాప మీరు కట్టేరా?” అని బుల్లిరాజుని మెల్లగా అడిగాను.

“లేదండి. మా ఆవిడ కట్టుంటదండి.”

“ఆయనే కట్టేరనుకున్నానండి” అంది వెనకే వచ్చిన కామేశ్వరి.

ఆ ముక్క మీద ఇంకాస్త ఆలోచించేవాణ్ణే. ఈలోగా తాతాజీ కేకపెట్టాడు.

“రక్తం!”

చాప కింద సున్నం గోడ మీద ఎర్రటి చారలు జారి ఎండిపోయి ఉన్నాయి. వాటికి దట్టంగా చీమలు పట్టాయి.

“ఒరేయ్, రక్తానికి చీమలు పడతాయట్రా?” అన్నాను.

తాతాజీ కళ్ళు మూసుకుని వేరుశనక్కాయ ఒకటి ఒలుచుకున్నాడు. మహత్తరమైన ఆలోచన వచ్చినప్పుడు అలాగే చేస్తాడు. మళ్ళీ కళ్ళు తెరిచాడు.

“పడతాయి. ఆ రక్తంలో షుగరుంటే పడతాయి. హంతకుడు రాత్రి మెట్ల మీంచి దీని మీదికి వంగాడు. చెయ్యి తెగింది. వాడికి చక్కెర వ్యాధి ఉంది. ఈ వీధిలో టీలో పంచదార వేసుకోనిది ఎవరు?”

అప్పటికి మెట్లు దిగలేని ఒక ముసలమ్మ తప్ప అందరూ మేడ దిగి వచ్చారు. అందరి తలలూ ఒకేసారి ఒకవైపు తిరిగాయి.

“నాకు షుగరుందని ఎవడు చెప్పేడు?” అన్నాడు కొండయ్య.

“మీ టీ చెప్పింది! ఏసీ వచ్చాక మీ వాకిట్లో మనుషులు తగ్గారు. అసూయతో రగిలిపోయారు. కొండయ్యగారూ, మీ ఆట కట్టు! ఏదీ, చేతులు చూపించండి.”

కొబ్బరి వ్యాపారి చేతికి కత్తిగాటు లేకుండా ఎలా ఉంటుంది? బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. జనంలో గుసగుసలు బయల్దేరాయి. నిన్నటిదాకా కొండయ్యకి దండాలు పెట్టినవాళ్ళే ఒక్కొక్కరూ పక్కకి జరిగారు.

“ఇదేటండీ బుల్లిరాజుగారూ?” అంటూ కొండయ్య ముందుకొచ్చాడు. “ఎగతాళి చేసేను, నిజమే. మీ వస్తువు పాడుచేసేవాణ్ణా నేను? మీరు ఇంజనీరు కదండీ, మీరు చెప్పండి. ఇది రిపేరా, నేను చేసిన పనా?”

బుల్లిరాజు ఇరుక్కుపోయాడు. కొండయ్య పనేనంటే తన పరువు నిలుస్తుంది, ఆయనది పోతుంది. రిపేరంటే, అయితే బాగుచెయ్యమంటారు. ఫుల్ చేతుల బొత్తాలు పెట్టుకుంటూ తీసుకుంటూ నిలబడ్డాడు. భార్య వైపు చూశాడు.

“తిరుగులేని ఆధారం తీసుకొస్తాను” అంటూ తాతాజీ నన్ను మెట్ల మీదికి లాక్కెళ్ళాడు. నా మెళ్ళో ఉన్న కొలతల టేపు లాగి ఒక కొస తన నడుముకి కట్టుకుని, రెండోది నా చేతిలో పెట్టాడు. “ప్రాణం నీ చేతిలో పెడుతున్నాను.”

“టేపుతోనా?”

అతను వినలేదు. మెట్ల అంచు మీంచి ఒక కాలు సన్‌షేడ్ మీదికి వేసి, రక్తం నమూనా కోసం ఏసీ వైపు వంగాడు.

కింద బుల్లిరాజు నోరు విప్పాడు. “కొండయ్యగారి తప్పేం లేదండి. అసలు సంగతేటంటే, నేను మస్కట్‌లో…”

నాచు మీద తాతాజీ కాలు జారింది. నా చేతిలో టేపు పుటుక్కుమంది. ఆపద్ధర్మంగా తాతాజీ చాప పట్టుకున్నాడు. కొబ్బరితాళ్ళు తెగాయి. నల్లకోటూ చాపా కలిసి చుట్టలా చుట్టుకుని పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప మీద పడ్డాయి.

పైన ఏసీ ఒక్కసారి దగ్గి, గొంతు సవరించుకున్నట్టయి, తుమ్మెదలా హాయిగా రొద మొదలెట్టింది.

గదిలో ఉండిపోయిన ముసలమ్మ మేడ మీంచి అరిచింది. “రండర్రా, చల్లగాలొచ్చేసింది!”

వీధి జనమంతా పైకి పరిగెత్తారు. వీరాయమ్మ మాత్రం డొక్కల కుప్ప మీద పడి చాప పట్టుకుని లబోదిబోమంది.

“నా తాండ్రోయ్! నా మావిడి తాండ్ర!”

చాప విప్పాం. లోపలివైపంతా సగం ఆరిన మామిడి తాండ్ర. తాతాజీ మొహానికి అతుక్కుపోయి ఉంది.

“అల్లుడుగారు మస్కట్ పట్టుకెళ్తారని పోసేను బాబూ” అని ఆవిడ ఏడుస్తూ చెప్పింది. “ఎండ మొహం చూస్తే ఒట్టు. ఈ మెషీన్ వెనక నుంచి వేడిగాలి ఊరికే పోతంది కదాని, దానికి చుట్టబెట్టేను. ముట్టుకోవద్దన్నారని భయపడి నోరెత్తలేదు.”

వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే ఏ యంత్రం మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది? మూలుగూ, వాసనా, చీమలూ, బెల్లంతో ఎండి ఎర్రబడ్డ చారలూ, మామ్మగారి పచ్చటి వేళ్ళూ, రంగులరాట్నం మీటరూ అన్నీ ఆ సంగతే చెప్పాయి. మేమే వినలేదు.

“కేసు పరిష్కారమైంది” అన్నాడు తాతాజీ, మూతి దగ్గరి తాండ్ర నాకుతూ. “నేను ముందే అనుమానించాను.”

బుల్లిరాజు వాళ్ళెవరినీ పట్టించుకోలేదు. చాప ముందు గొంతుక్కూర్చుని తాండ్ర ముక్క గిల్లి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు సగం మూతపడ్డాయి.

“పాకం కుదిరింది అత్తయ్యగారూ. మాడలేదు. బెల్లం ఒక్క పిసరు తగ్గింది. ఇంకో పూత వెయ్యండి, అందులో చిటికెడు ఏలకుల పొడి కలపండి. పలచగా పొయ్యాలి, ఇలా, మణికట్టు తిప్పుతూ.”

గాల్లో ఆయన చెయ్యి గిర్రున తిరిగింది. ఇంజనీర్లు చెయ్యి అలా తిప్పరు. కామేశ్వరి రెప్ప వెయ్యకుండా ఆ చేతినే చూస్తోంది.

* * *

మర్నాడు కామేశ్వరి చొక్కా గుడ్డ పట్టుకుని నా షాపుకి వచ్చింది. తాతాజీ ఇస్త్రీ బల్ల మీదే ఉన్నాడు.

“అన్నయ్యగారూ, ఆయన ప్రయాణంలోపు ఇది కుట్టిపెట్టాలండి. హాఫ్ చేతులు పెట్టండి.”

నేను తలెత్తి చూశాను.

“ఫుల్ చేతులు కదమ్మా ఆయన వేసుకునేది?”

“పొయ్యి దగ్గర ఉడికిపోతారండి పాపం” అంది మామూలుగా. “నేనూ వంటచేసేదాన్నే కదండీ, నూనె మచ్చలు నాకు తెలీవా? మొదటి సెలవుల్లోనే చూసేను. ఆయనే చెప్తారని ఊరుకున్నాను. నిన్న కొండయ్యగారి కోసం చెప్పబోయేరు. నాకది చాలండి.”

“మరి ఈ మాట ఆయనతో అన్నావా?”

“ఎందుకండీ? చొక్కా తొడుక్కుంటే ఆయనకే అర్థమవుద్ది.”

ఆమె వెళ్ళిపోయింది. తాతాజీ భూతద్దంలోంచి ఆమె వెళ్ళిన దారి చూస్తూ తల పంకించాడు. అతని చెవి వెనక ఇంకా తాండ్ర ఉంది.

“నూకరాజూ, ఆవిడ పొయ్యి అందేంటి? ఏసీ ఇంజనీరుకి పొయ్యితో ఏం పని? నాకు మొత్తం అర్థమైపోయింది.”

నేను సుద్దముక్క కింద పెట్టి అతని వైపు తిరిగాను.

“మస్కట్‌లో ఏసీలు గ్యాసు పొయ్యితో నడుస్తాయి!”

“నిజమేరా” అన్నాను. కత్తెర తీసుకుని, ఆయన పాత కొలతల కాగితం నమూనాలో ఫుల్ చేతిని మోచెయ్యి దగ్గర మడిచి, గుడ్డ కత్తిరించాను.