అధ్యక్షులవారు లేచిన వేళావిశేషం

మన ఫుట్‌బాల్ సంఘం సెమీఫైనల్లో గెలవడానికి కారణం అధ్యక్షులవారి మూత్రాశయమేనని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఆట ముగియబోతుండగా అవతలి జట్టుకు పెనాల్టీ దొరికింది. సరిగ్గా అప్పుడే అధ్యక్షులవారు ఆపుకోలేక లేచారు. అక్కడ మరుగుదొడ్డి తలుపు మూసుకుంది, ఇక్కడ బంతి ఆగింది. ఇంకా సాక్ష్యం కావాలంటే అది మన పాపం.

బంతిని పట్టినవాడు గోల్‌కీపరే, కాదనడం లేదు. అందరూ వాణ్ణి ‘గోడ’ అంటారు. పగలు టైర్లకు పంక్చర్లు వేస్తాడు, సాయంత్రం దుమ్ములో పొర్లుతాడు. ఆ పెనాల్టీ కొట్టినవాడు ఎడమకు తన్నేముందు కుడి భుజం దించుతాడని, దుకాణం మూసుకుని వాడి ఆటలన్నిటికీ వెళ్ళి మరీ కనిపెట్టాడు. ఆ మాటే చెప్పబోయాడు.

“నువ్వూ దూకావులేవోయ్,” అన్నాడు కార్యదర్శి, వాడి భుజం తట్టి. “దూకించిందెవరో అది చెప్పు!”

గోడ ఇంటికొచ్చి భార్య దగ్గర ఉడికిపోయాడు.

“ఫైనల్లో ఇంకోటి ఆపండి. అప్పుడైనా ఒప్పుకోక చస్తారా?” అంది ఆవిడ.

అదే వాడి పంతమైంది. కానీ సాధన చేద్దామంటే మైదానం ఖాళీ లేదు. అదృష్టాన్ని అదృష్టానికి వదిలెయ్యకూడదు గనక అక్కడ రిహార్సల్స్ జరుగుతున్నాయి. ఈల మోగగానే అధ్యక్షులవారు లేవాలి, కార్యదర్శి దారి చూపాలి, కోశాధికారి తలుపు తియ్యాలి. ఏ వేళకు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు దగ్గరుండి చూసుకున్నాడు. మరుగుదొడ్డిదాకా తివాచీ పరిచారు. అడ్డొచ్చే కుర్చీలు జరిపే గౌరవం గోడకు దక్కింది.

“అయ్యా, ఒక్క గంట గ్రౌండు ఇప్పించండి. ఫైనల్లో అవతలిది కొత్త జట్టు, ఎవడెటు తంతాడో ఏంటో!”

“ఆటదేముంది, అదే జరిగిపోతుంది. ఇక్కడ తేడా వస్తే? ముందా కుర్చీ తియ్యి!” అన్నాడు కార్యదర్శి.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. “సోదరులారా! ఈ దేహం సంఘానిది. ఎన్ని బిందెలైనా తాగుతాను!” చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

ఫైనల్లోనూ పెనాల్టీ రానే వచ్చింది. అధ్యక్షులవారు అద్భుతంగా లేచారు. అడుగు తడబడలేదు, తలుపు కిర్రుమనలేదు. గోడ మాత్రం ఎటు దూకాలో తెలియక కుడికి దూకాడు. బంతి ఎడమకు పోయింది.

కార్యవర్గం నిష్పక్షపాతంగా విచారించింది. లేవడంలో లోపం లేదు, నడకలో లోపం లేదు. ఇక మిగిలింది గోల్‌కీపర్ సాధనలోపమే. “నా వంతు అదృష్టం నేను తెచ్చాను. కష్టపడేవాడు ఒక్కడైనా ఉండొద్దూ!” అని అధ్యక్షులవారు నిట్టూర్చారు. గోడను జట్టులోంచి తీసేశారు.

మర్నాడు దుకాణానికి సైకిలు నడిపించుకుంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు.

“ఏవయ్యా గోడా, ప్రాక్టీసు లేకుండా అంతా అదృష్టం మీద వదిలేస్తే ఎలాగయ్యా?”

గోడ ట్యూబును నీళ్ళలో ముంచుతూ అడిగాడు. “ఆటకొచ్చారా బాబూ?”

“రాకపోవడమేంటి, ముందు వరసలోనే కూర్చున్నా.”

“మరి బంతి ఎటు పోయిందో చూశారా?”

“ఎక్కడ చూస్తామయ్యా! అధ్యక్షులవారు లేచారు కదా, అందరం అటే చూస్తున్నాం.”