అందరూ రాజులే, తెర ఎవరు లాగాలి?

నవంబరు పదకొండు. దుకాణంలో కళ్లజోళ్ల అద్దాలు తుడిచే బల్ల మీదే కాగితం పరుచుకుని రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తింటున్నాను. గుడ్డు సగంలో ఉండగా ఫోనుకు మెసేజి వచ్చింది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడి నాటకంలో వేషం లేదనీ, తెర లాగే పని ఇచ్చారనీ అందులో ఉంది. బాధపడాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే నలుగురు నన్ను ఓదార్చారు. మిగతా సగం గుడ్డు నోట్లో పెట్టుకునేలోపు క్లాసులోని తల్లిదండ్రులందరూ ఓదార్చేశారు.

పాఠకులారా, ఆ గుడ్డు సాక్షిగా చెబుతున్నాను. మిడిల్ స్కూలుకు వెళ్లాల్సింది పిల్లలు కాదు, తల్లిదండ్రులు! చోటు మిగిలితే పిల్లల్ని కూడా రానివ్వొచ్చు. పాపం, వెనక బెంచీల్లో కూర్చుంటారు. ఎవరికీ అడ్డం రారు.

పాత రోజులు తలుచుకుంటే నాకు జాలేస్తుంది. నేను ఏ క్లాసు చదువుతున్నానో మా నాన్న పక్కింటివాళ్లను అడిగి తెలుసుకునేవాడు. ఆయన మా బడి గేటు దాకా వచ్చింది ఒక్కసారే. అదీ వానొస్తోందని గొడుగు ఇవ్వడానికి. ఇచ్చాడు కూడా, వేరే పిల్లాడికి! అలాంటి చీకటి యుగంలో పెరిగినవాణ్ణి నేను. ఇంతోటి వాణ్ణి ఎలా అయ్యానో నాకే అర్థం కాదు.

మరి ఇప్పుడో? మా అమ్మాయి క్లాసు తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొదట్లో అందులో మా ఆవిడ ఉండేది. ఆవిడ పోయాక ఆ చోట్లో నన్ను చేర్చారు. వాళ్ల గురించి తేలిగ్గా మాట్లాడితే కళ్లు పోతాయి. కళ్లజోళ్లు అమ్ముకునేవాడికి అది ఎంత నష్టమో మీకు తెలుసు. ఆ మొదటి రోజుల్లో మా ఇద్దరికీ వంతులేసుకుని భోజనం పంపింది వాళ్లే. జడ ఎలా అల్లాలో నాకోసం నెమ్మదిగా అల్లి వీడియో పంపింది గ్రూపు పెద్ద, పళ్ల డాక్టరమ్మగారే. ఇప్పటికీ మా అమ్మాయి జడ కాస్త ఎడమకు వాలుతుంది. ఆ వీడియోలో అలాగే ఉంది మరి.

ఈ గ్రూపు వల్ల నాకు తెలియనిది లేదు. లెక్కల పరీక్షలో మా అమ్మాయి ఏ లెక్క తప్పు చేసిందో తను గేటు దాటకముందే తెలుస్తుంది. క్యారియర్లో ఏం మిగిల్చిందో, ఎవరితో కబుర్లు చెబుతూ మిగిల్చిందో తెలుస్తుంది. బడి బస్సు మలుపు తిరిగిందని ఒకరు రాస్తారు. తిరిగినట్టే ఉందని ఇంకొకరు బలపరుస్తారు.

సైన్సు ఎగ్జిబిషన్ సంగతి చెప్పమంటారా? మొదటి బహుమతి ఒక అగ్నిపర్వతానికి వచ్చింది. కట్టింది ఒక సివిల్ ఇంజనీరుగారు. అలవాటు కొద్దీ పునాది కూడా వేశారు. దాన్ని కదపడం ఎవరివల్లా కాలేదు. ఇప్పటికీ అది బడి మెట్ల కిందే ఉంది. పిల్లలు దాని చుట్టూ తిరిగి క్లాసులకు వెళుతున్నారు. వాళ్లబ్బాయి చేత ఆ రోజు స్విచ్ నొక్కించారు. ఆ అవకాశం పిల్లవాడికే ఇవ్వడం ఎంత పెద్దమనసు!

ఇంకో మేలు కూడా ఉంది. ఇదివరకు రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో చాలా సమయం వృథా అయ్యేది. "ఇవాళ ఏం జరిగిందమ్మా?" అని నేను అడగడం, తను చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి చెప్పడం. సైన్సు సారు తుమ్మబోయి ఆపుకుంటే ఆయన మీసం ఏ వైపు కదులుతుందో చేసి చూపించాలి. నేను నవ్వితే ఇంకోసారి చూపించాలి. అన్నం చల్లారిపోయేది.

ఇప్పుడా బెడద లేదు. "ఇవాళ ఏం జరిగిందమ్మా?" అంటే, "నీకు తెలుసుగా నాన్నా" అంటుంది.

తెలుసు. మీసంతో సహా తెలుసు. ఎవరో వీడియో పెట్టారు.

కాబట్టి భోజనం వేడివేడిగా అయిపోతోంది. కంచాలు తొందరగా కడిగేస్తున్నాం. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందంటే, ఫ్రిజ్ ఆగిపోయి మళ్లీ మొదలైతే ఇద్దరం ఒకేసారి తల తిప్పి చూస్తాం.

ఇక నాటకం. క్లాస్ టీచరుగారు రాసిన చిన్న కథ అది. ఒక రాజుగారికి నిద్ర పట్టదు. వంటవాడు, వైద్యుడు, పాటగాడు, కాపలావాడు, రాజ్యంలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి నిద్రపుచ్చబోతారు. చివరికి రాజు నిద్రపోతాడు. తెర పడుతుంది. అంతే.

పాపం, ఆ టీచరుగారికి అనుభవం తక్కువ. ఒకే ఒక్క రాజును పెట్టుకుని అంత క్లాసు ముందు నిలబడతారా ఎవరైనా?

"మావాడు వంటవాడేమిటండీ? దానికా ఇంత ఫీజు కడుతున్నాం?" అని ఒక తండ్రి గ్రూపులో అడిగాడు. కాపలావాడి అమ్మ నిద్ర మానేసింది. వైద్యుడి వాళ్లు మాత్రం ఒక పూట ఊరుకున్నారు. ఆ తర్వాత ఆ వైద్యుడి మందు కూడా పనిచేయదని తెలిసి వాళ్లూ లేచారు. లాయరుగారు సమానత్వం గురించి చాలా పొడుగ్గా రాశారు. చదివినవాళ్లు లేరు గానీ అందరూ ఒప్పుకున్నారు. ఫలితం? అబ్బాయిలందరూ రాజులు. అమ్మాయిలందరూ రాణులు.

టీచరుగారు ఫోన్లో ప్రాధేయపడింది. "నిద్రపుచ్చేవాడు ఒక్కడన్నా కావాలి కదండీ!"

ఎందుకండీ? అందరూ కిరీటాలు పెట్టుకుని మెలకువగా కూర్చోవడం తక్కువ నాటకమా? మన గ్రూపు రోజూ చేసేది అదే కదా?

ఇంత సమానత్వంలో కిరీటం లేకుండా మిగిలింది మా అమ్మాయి ఒక్కతే. అందుకే ఆ పదకొండో తేదీ ఓదార్పులు. "అన్నయ్యగారూ, మీరేం దిగులు పెట్టుకోకండి. తల్లి లేని పిల్ల చేత తెర లాగిస్తారా? శనివారం మీటింగులో తేల్చేద్దాం. దాన్ని మహారాణిని చేసే పూచీ నాది" అని డాక్టరమ్మగారు రాశారు. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. నేను గ్రూపులో ఏ విషయానికైనా అదే పెడతాను.

శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి కంచాలు తుడుస్తూ అంది.

"నాన్నా, రేపు మీటింగుకి వెళ్తున్నావా?"

"వెళ్లాలి కదమ్మా."

"నన్ను రాణిని చేస్తారట కదా."

"నీకెలా తెలుసు?"

"నీకొక్కడికే తెలుస్తాయా ఏంటి?" కంచం బోర్లించింది. "తెర నాకే ఉంచమను నాన్నా. నేనే అడిగి తీసుకున్నా మేడం దగ్గర."

"అడిగి తీసుకున్నావా! ఎందుకు?"

"తెర పక్కన నించుంటే ఇటు ఆడేవాళ్లు కనిపిస్తారు, అటు చూసేవాళ్లు కనిపిస్తారు. నేను మాత్రం ఎవ్వరికీ కనిపించను." ఇంకో కంచం అందుకుని, "రాణిగా వెళ్తే అందరూ నన్నే చూస్తారు. అదిగో ఆ పిల్ల, పాపం, అన్నట్టు చూస్తారు. నువ్వు చూళ్లేదా, ఎలా చూస్తారో?"

చూశాను. నలుగురి చూపు సరిచేసి బతికేవాణ్ణి. ఆ చూపుకు మాత్రం నా దగ్గర అద్దం లేదు.

శనివారం మీటింగు క్లాసులోనే జరిగింది. పిల్లల బెంచీల్లో పెద్దలం మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నాం. డాక్టరమ్మగారు లేచి, "మొదట మన అన్నయ్యగారి అమ్మాయి విషయం" అన్నారు. మహారాణికి రెండు డైలాగులు ఉండాలా మూడా అని చర్చ మొదలైంది. మూడోది కాస్త కంటతడి పెట్టించేలా ఉండాలని లాయరుగారి పట్టు.

నేను లేచాను. నాతోపాటు బెంచీ కూడా లేచింది. అందరూ ఇటు తిరిగారు.

"మా అమ్మాయి తెర లాగుతుందండీ."

"అయ్యో, మొహమాటపడకండి అన్నయ్యగారూ!"

"మొహమాటం కాదండీ. తనకు అదే ఇష్టం."

"పిల్లలకేం తెలుస్తుందండీ ఇష్టాలు? మనం ఉన్నదెందుకు?" అన్నారు లాయరుగారు.

నాకు వాదించడం రాదు. తోచింది అన్నాను. "అందరూ సింహాసనాల మీదే ఉంటే తెర ఎవరు తీస్తారండీ? అది తీయకపోతే మీ పిల్లలెవరూ కనిపించరు కదా."

అందరూ తలలూపారు. గెలిచాననే అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి! ఎవరు కనిపించాలన్నా కావలసింది తెర లాగే మనిషేనని ఆ క్షణంలోనే అందరికీ తట్టింది.

"ఆగండాగండి. అంత ముఖ్యమైన పని ఒక్కరికే ఎలా ఇచ్చారు?" అంది కాపలావాడి అమ్మ.

"మావాడు మొదట సగం లాగుతాడు" అన్నాడు ఒక తండ్రి.

"రాజు వేషంలోనే లాగొచ్చుగా?" అన్నారు ఇంజనీరుగారు. ఆ తెరకు ఎంత బరువు ఆగుతుందో అప్పుడే కాగితం మీద లెక్క కట్టేస్తున్నారు.

అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డ క్లాస్ టీచరు అప్పుడు మాట్లాడింది. ఏడో తరగతి పిల్లలతో మాట్లాడే గొంతు అది. "తాడు ఒక్కటే ఉందండీ. లాగేది ఒక్కరే. ముందు అడిగిన అమ్మాయికి ఇచ్చేశాను. కూర్చోండి."

అందరం కూర్చున్నాం. గోడ మీద 'చెయ్యెత్తి మాట్లాడవలెను' అని రాసి ఉంది. నాకది అప్పుడే కనిపించింది.

నాటకం రోజు పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, జడ ముందుకేసుకుని దాని కొస మెలిపెడుతూ అంది.

"నాన్నా, నువ్వు రావద్దు."

"అదేంటమ్మా!"

"నువ్వొస్తే నీకు అన్నీ తెలిసిపోతాయి. ఇంటికొచ్చి నేనేం చెప్పను?"

నేను గుండీలు పెట్టడం ఆపేశాను.

"ఫోను కూడా చూడకు. ఒట్టు వెయ్యి."

వేశాను. ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆ సాయంత్రం హాల్లో నా కుర్చీ ఖాళీగా ఉందని, తట్టుకోలేక రాలేదని, పాపం అన్నయ్యగారని గ్రూపులో ఎన్ని మాటలు నడిచి ఉంటాయో నేను ఊహించగలను. చదవలేదు.

తను వచ్చేసరికి అన్నం వండి కూర్చున్నాను. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"నాన్నా, అసలేమైందో తెలుసా?"

"తెలీదు" అన్నాను. ఆ మాట నోట్లో ఎంత రుచిగా ఉందో మీకు చెప్పలేను.

"నేను తాడు లాగానా, తెర తీశా. అటు చూద్దును కదా, ఒక్క మొహం కూడా లేదు! అన్నీ ఫోన్లే! అమ్మలు, నాన్నలు అందరూ ఫోన్లు ఇలా ఎత్తి పట్టుకున్నారు. ఇటేమో ఒకటే రాజులు. కూర్చోడానికి చోటు లేక ఇద్దరు రాజులు ఒక కుర్చీలో. ఎవడికీ డైలాగు గుర్తులేదు. లాయరంకుల్ కింది నుంచి గట్టిగా అందించేస్తున్నారు, వాళ్ల రాజు మాత్రం 'ఆఁ? ఏంటి నాన్నా?' అంటున్నాడు." ఆ రాజు చెవి దగ్గర చెయ్యి ఎలా పెట్టుకున్నాడో చూపించింది. నేను నవ్వాను. ఇంకోసారి చూపించింది.

"మరి డాక్టరమ్మగారి అబ్బాయి?"

"అదే చెప్పబోతున్నా, ఆగు! లైట్ల వేడికి, ఆ కిరీటం బరువుకి, వాడు సింహాసనం మీదే నిద్రపోయాడు. నిజంగా! నోరు తెరుచుకుని! డాక్టరాంటీ కింది నుంచి 'లే, లేరా' అంటుంటే లేవడే. ఇంక ఆంటీ స్టేజీ ఎక్కేసి వాణ్ణి కుదిపేస్తున్నారు."

"అయ్యయ్యో! నువ్వేం చేశావు?"

"తెర వేసేశా."

"ఆవిడ లోపలుండగానే?"

"రాజు నిద్రపోగానే తెర వెయ్యాలని మేడం చెప్పారు కదా నాన్నా. నిద్రపోయాడు. వేశా." తను చాలా గంభీరంగా అంది. "అందరూ చప్పట్లు కొట్టారు. అదే ఎండింగ్ అనుకున్నారు. ఎండింగేగా?"

అన్నం పూర్తిగా చల్లారిపోయింది. దాన్నే పెట్టుకుని తిన్నాం. ఆమధ్య వేడివేడిగా తిన్న భోజనాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

కాబట్టి పాఠకులారా, నా మాట మార్చుకోవడం లేదు. తల్లిదండ్రులందరూ మిడిల్ స్కూలుకు తప్పకుండా వెళ్లండి. ముందు వరసలో కూర్చోండి, ఫోన్లు ఎత్తి పట్టుకోండి, కావాలంటే స్టేజీ ఎక్కండి. మీరందరూ అక్కడ ఉన్నారు కాబట్టే మా అమ్మాయికి ఇంత కథ దొరికింది. ఒక్కరు మాత్రం ఇంట్లో ఉండండి. ఏమీ తెలియకుండా, అన్నం వండుకుని, ఉత్త చెవులతో. ఆ రోజు ఆ నాటకాన్ని పూర్తిగా చూసింది ఇంట్లో కూర్చున్న నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం.

పడుకునేముందు మా అమ్మాయి తన గది గుమ్మంలో ఆగింది.

"ఫోను తీయలేదు కదా?"

"బియ్యంలోనే ఉందమ్మా."

"రేపటి దాకా ఉండనీ. ఆంటీ తెర వెనక ఏమన్నారో ఇంకా చెప్పలేదు నీకు."

"ఏమన్నారు?"

"రేపు."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగింది.