కూలిన ఇళ్లకు ఫొటోలు

బాంబులు పడి కూలిన ఇళ్లు ఆ సోమవారం నుంచి తమంతట తామే నడిచొచ్చి సాక్ష్యం చెప్పడం మొదలెట్టాయి. పెంకుటిళ్లు పొద్దున్నే దిగిపోయేవి. మేడలకు మోకాళ్ల నొప్పులాయె, అవొచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. గవ్వలపేటలో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. కల్యాణమండపం వెనకున్న ఖాళీస్థలం చాలడం లేదన్నదొక్కటే అందరి గొడవ.

సాక్ష్యాల పని ఊరివాళ్లే నెత్తినేసుకున్నారు. జీతం లేదు, భత్యం లేదు, పూటకో టీ. ఇళ్లు చెప్పింది హసీనా టీచరు రాసుకునేది. ఫొటోలు లింగమూర్తివి. ఆ చుట్టుపక్కల అతను తీయని పెళ్లి లేదు.

తంటా అక్కడే వచ్చింది. అలవాటైన నోరు ఊరుకుంటుందా! కెమెరా ఎత్తగానే "రెడీ... కదలకండి... కాస్త నవ్వండి" అనేసేవాడు. మర్యాద తెలిసిన ఇళ్లు పాపం, వెంటనే ఊపిరి బిగబట్టేవి. పగుళ్లు మూసుకునేవి, పైకప్పు వచ్చి నెత్తిన కూర్చునేది, గుమ్మానికి మామిడాకులు కూడా వేలాడేవి. ఫ్లాష్ వెలిగాక ఉస్సురంటూ మళ్లీ కుప్పకూలేవి. రాజధానిలోని విచారణ కమిషన్ జవాబు రాసింది. "మీరు పంపిన ఇళ్లన్నీ దివ్యంగా ఉన్నాయి. నేరమెక్కడ?"

హసీనా టీచరు తల పట్టుకుంది. "మూర్తిగారూ, మీకు దణ్ణం పెడతాను, చెప్పకుండా తీయండి. నేరం రుజువు కాకపోతే ఆ బాంబులేసినవాళ్లు మళ్లీ వచ్చి వేస్తారు."

"ఈ వయసులో నోరెక్కడ కట్టుకోనమ్మా" అని గొణిగాడు గానీ, కట్టుకున్నాడు. ఇళ్లను మాటల్లో పెట్టి, అవి ఏమరుపాటుగా ఉన్నప్పుడు నొక్కేవాడు. కమిషన్ కూడా కాస్త మెత్తబడింది. మనిషి పోయిన ఇల్లు ఒక్కటి స్పష్టంగా చూపించండి, కేసు కడతామంది.

చిట్టచివరికి లింగమూర్తి సొంతిల్లు వచ్చింది. అభిమానం గల ఇల్లు, ఈ అవతారంతో నలుగురిలోకి ఎలా రావాలా అని ఇన్నాళ్లూ ఆగింది. వంటగది ఉండాల్సినచోట ఇటుకల గుట్ట. అతని భార్య సుభద్రమ్మ పోయింది దాని కిందే.

"ఇదొక్కటి చాలు మూర్తిగారూ" అంది హసీనా టీచరు మెల్లగా. "నోరు మాత్రం తెరవకండి."

లింగమూర్తి కెమెరా ఎత్తాడు. ఈ ఇల్లు ఊపిరి బిగబడితే వంటగది లేస్తుంది. వంటగది లేస్తే అందులో ఎవరుంటారో అతనికి తెలియదా! ఊరందరికీ ఫొటోలు తీశాడు గానీ, రేపు చూద్దాంలే, ఎల్లుండి చూద్దాంలే అంటూ సుభద్రమ్మకు ఒక్కటీ సరిగ్గా తీయలేదు.

"రెడీ" అన్నాడు. "కదలకండి."

ఇల్లు నిటారుగా లేచి నిలబడింది. సుభద్రమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "బాగుంది సంబడం, ఇప్పుడా తీసేది? తలైనా దువ్వుకోలేదు" అని కసురుతూనే నవ్వింది. లింగమూర్తి నొక్కాడు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. హసీనా టీచరు దాన్ని చాలాసేపు చూసింది. మర్నాడు తన ఇంటిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. "మా తమ్ముడు ఆ అరుగు మీదే కూర్చునేవాడు. రెడీ అనండి" అంది.

ఇక ఊరు ఊరంతా ఎగబడింది. ఇప్పుడు ఏ డేరాలోకి వెళ్లినా ఒక ఫొటో, దాని చుట్టూ రంగుబల్బులు. పోయినవాళ్లు నవ్వుతూ చూస్తుంటే ఉన్నవాళ్లు హాయిగా అన్నం తింటున్నారు.

కమిషన్ ఆ ఫొటోలన్నీ శ్రద్ధగా పరిశీలించి, గవ్వలపేటలో యుద్ధమే జరగలేదని తేల్చింది. యుద్ధం జరగని ఊరికి విమానాలొస్తే మోగే సైరన్ దేనికని, దాన్ని కూడా విప్పుకుపోయారు. ఎవరూ కాదనలేదు.

మొన్న సాయంత్రం మళ్లీ విమానాల చప్పుడైంది. జనం డేరాల్లోంచి బయటికొచ్చారు. తలలు సవరించుకుని, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. లింగమూర్తి ఆకాశం వైపు ఓసారి చూసి, వెలుతురు బాగానే ఉందనుకున్నాడు. ఈసారి రేపు చూద్దాంలే అనదలుచుకోలేదు.

"రెడీ" అన్నాడు. "ఎవరూ కదలకండి."

ఎవరూ కదల్లేదు.