గున్వోర్ మేడ దిగిన వేసవి

మా ఆవిడ గది కిటికీకున్న నల్ల పరదాను దొంగిలించాలని నేను నిర్ణయించుకున్నది జూన్ పదకొండో తేదీ పొద్దున. కాఫీలో పాలనుకుని గిన్నెలు తోమే సబ్బు పోసుకుని, సగం తాగాక.

సగం దాకా ఎలా తాగానని అడక్కండి. నాలుగు నెలలుగా నిద్రలేని మనిషికి నాలుక కూడా సెలవు పెట్టేస్తుంది. పైన నురగ చూసి, ఈవేళ కాఫీ భలే కుదిరిందనుకున్నాను.

‘మా ఆవిడ గది’ అన్నాను చూడండి, బాధంతా అక్కడే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఇంట్లో ‘మా గది’ అని ఒకటే ఉండేది. ఫిబ్రవరిలో ఒకరోజు గున్వోర్ తన దిండు చంకన పెట్టుకుని, “నీ గురకతో నావల్ల కాదు ఐలిఫ్” అని, మేడ మీద కుట్టుమిషను ఉన్న గదిలోకి మారిపోయింది.

నేను ఆపలేదు. “హాయిగా వెళ్ళు. మంచమంతా నాదే” అన్నాను. మా రేవు మగవాళ్ళం కాడ్ చేప గురించి మూడు గంటలు మాట్లాడగలం. ‘వెళ్ళకు’ అనే మూడక్షరాలు మాత్రం ఆ చేప ముల్లులాగే గొంతుకు అడ్డం పడతాయి.

మంచమంతా నాదయ్యాకే అదెంత పెద్దదో తెలిసింది. గున్వోర్ పాదాలు ఏ కాలంలోనైనా మంచుగడ్డలే. వాటిని నా పిక్కలకు ఆనించి పడుకునేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు నా పిక్కలు రెండూ వెచ్చగా, శుభ్రంగా, అనాథల్లా పడుంటున్నాయి. నిద్ర సుఖమెరగదంటారు. నా నిద్ర అన్నీ ఎరుగును. పక్కన గున్వోర్ లేకపోతే రానంటే రానంది.

దానికి తోడు జూన్ వచ్చింది. మా ఊరు దాటి ఇంకా ఉత్తరానికి వెళ్ళాలంటే నార్వేలో నేల మిగలదు, సముద్రమే. జూన్‌లో ఇక్కడ సూర్యుడు అస్తమించడు. రాత్రి పన్నెండింటికి జనం గోడలకు రంగులు వేసుకుంటూ ఉంటారు. పడుకోవాలంటే చీకటిని ఎవరికి వాళ్ళు తయారుచేసుకోవాలి. మా ఇంట్లో చీకట్లు రెండే. కింద గది కిటికీకి నేను బిగించిన చెక్క తలుపులు ఒకటి, పైన గున్వోర్ నల్ల పరదా ఒకటి. రెండో చీకటిని లేకుండా చేస్తే మనిషి మొదటి చీకటికి దిగిరాక ఎక్కడికి పోతుంది? సబ్బు కాఫీ తాగిన బుర్రకు ఇది మహా తెలివైన ఆలోచనలా కనిపించింది.

గున్వోర్ ఊరి బస్సు నడుపుతుంది. పొద్దున ఆరింటికే వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళగానే పరదా విప్పి, మడిచి, మోటార్ ఈసాక్ పడవల కొట్టంలో దాచాను. ఈసాక్ నాతోపాటు రేవులో పనిచేస్తాడు. పడవ ఇంజను ఆగినా అతని నోరు ఆగదు కనుక ఊరు పెట్టిన పేరు మోటార్.

“ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యరా ఈసాక్” అన్నాను.

“నేనెప్పుడైనా ఎవరికైనా ఏమైనా చెప్పానా?” అన్నాడు. ఊళ్ళో అందరి రహస్యాలూ నాకు చెప్పింది వీడే. ఆ సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. అదే నిద్రలేమి అంటే.

సాయంత్రం గున్వోర్ మెట్లు దిగివచ్చింది.

“ఐలిఫ్, పరదా ఏది?”

“ఉతికి ఆరేశాను. గాలి ఎత్తుకుపోయింది.”

గున్వోర్ కిటికీలోంచి చూసింది. సముద్రం పళ్ళెంలో పోసిన పులుసులా కదలకుండా ఉంది. పక్కింటి జెండా కర్రకు అతుక్కుని నిద్రపోతోంది.

“ఏ గాలి?”

“పొద్దున వీచింది. చిన్న గాలి.”

“చిన్న గాలి. నాలుగు కిలోల పరదాను ఎత్తుకుపోయింది.”

“సుడిగాలి మరి.”

“ముప్ఫై ఒక్క ఏళ్ళలో నువ్వు నీ చొక్కా ఒక్కటి ఉతికి ఎరగవు. ఇవాళ ఏకంగా నా పరదా ఉతికావు” అంది గున్వోర్. తర్వాత వంటింట్లోంచి అల్యూమినియం రేకు చుట్ట తీసుకుని పైకి వెళ్ళి, కిటికీకి అతికించుకుంది.

మర్నాడు నేను రేకు పీకేశాను. “ఎండ దాని మీద పడి కళ్ళు చెదురుతున్నాయని పడవలవాళ్ళు గోల పెడుతున్నారు. ఒకడు రేవనుకుని చర్చి వైపు తిప్పాడట” అన్నాను. ఆమె దుప్పటి కట్టింది. దుప్పటికి చిమ్మటలు పట్టాయని ఎండలో వేశాను. ఆమె శీతాకాలపు కోటు తగిలించింది. ఆ కోటు లేకపోతే నాకు చలేస్తుందన్నాను.

“జూన్‌లోనా?”

“వయసు మీద పడుతోంది గున్వోర్.”

“వయసు కాదు, ఎండ మీద పడుతోంది. నా మొహం మీద” అంది. కానీ కోటు ఇచ్చేసింది. ఇక కిటికీకి ఏమీ కట్టలేదు.

ఆ రాత్రి నేను కళ్ళల్లో వత్తులు వేసుకుని మెట్ల చప్పుడు కోసం ఎదురుచూశాను. పైన మంచం కిర్రుమంటుంది, నా గుండె లేచి కూర్చుంటుంది. చెక్క నేల మీద రెండడుగులు పడతాయి, నేను ఆమె వైపు దుప్పటి సర్దుతాను. అడుగులు ఆగిపోతాయి. మళ్ళీ దుప్పటి తీసి నా వైపు లాక్కుంటాను. ఇలా తెల్లవార్లూ దుప్పటితో కబడ్డీ ఆడాను. తెల్లవార్లూ అని మాటవరసకు అంటున్నాను. మాకు తెల్లవారేదేముంది, తెల్లగానే ఉంటుంది.

నాలుగు రోజులు గడిచాయి. విచిత్రమేమిటంటే గున్వోర్ రోజురోజుకూ కళకళలాడుతోంది. నేను అద్దంలో చూసుకుంటే ఎండబెట్టిన చేప కనిపించింది. వాతావరణ వార్తల్లో అల్పపీడనం అనగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. రాత్రి మూడింటికి ఆకలి, నాలుగింటికి మళ్ళీ ఆకలి. రొట్టె మీద చీజ్ కాదు, చీజ్ మీద రొట్టె వేసుకుని తిన్నాను. మా మేనేజరు పేరు మర్చిపోయి రోజంతా అతన్ని ‘అయ్యా’ అని పిలిచాను. అతను జీతం పెంచమంటానని భయపడి నన్ను తప్పించుకు తిరిగాడు.

ఐదో రోజు నవ్వులాట తీరిపోయింది.

నా పని చేపల తొట్లను ఫోర్క్‌లిఫ్ట్ బండితో ఎత్తి రేవు మీంచి గోదాములోకి చేర్చడం. ఆ మధ్యాహ్నం ఆరువందల కిలోల తొట్టి ఎత్తాను. గోదాము తలుపు కనిపించింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది పెద్ద చప్పుడు. బండి తలుపు పక్క గోడలోకి దూరింది. తొట్టి తిరగబడి చేపలు నేలంతా పరుచుకున్నాయి. వాటి మధ్య ఈసాక్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బండి ఇనప చువ్వకూ అతని మోకాలికీ మధ్య జానెడు దూరం.

ఈసాక్ ఏమీ మాట్లాడలేదు. మోటార్ ఆగిపోవడం నేను చూసింది జీవితంలో అదొక్కసారే.

దిగి అతని దగ్గరికి వెళ్ళాను. “ఒరేయ్, నేను... నిద్ర...” అన్నాను. చేపల మధ్యే కూర్చుండిపోయాను. మేనేజరు బండి తాళం తీసుకుని, నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. అంతకంటే ఘోరం, మా ఆవిడకు ఫోన్ చేశాడు.

పావుగంటలో ఊరి బస్సు దారి తప్పి రేవులోకి వచ్చింది. లోపల నలుగురు ప్రయాణికులున్నారు.

“ఎక్కు” అంది గున్వోర్.

ఎక్కాను. ముందు సీట్లో ఊలు అల్లుకుంటున్న ముసలమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, “పరదా దొంగ ఇతనేనా?” అని అడిగింది.

“ఇతనే” అంది గున్వోర్, గేరు మారుస్తూ.

ఊరంతా తెలుసన్నమాట. మోటార్‌కు రహస్యం అప్పగిస్తే ఇంతే. చివరి స్టాపులో అందరూ దిగేదాకా నేను తలెత్తలేదు. గున్వోర్ ఇంజను ఆపి వచ్చి నా పక్కన కూర్చుంది.

“ఇప్పుడు చెప్పు. ఎందుకు చేశావు?”

గొంతులో ముల్లు మళ్ళీ అడ్డం పడింది. కానీ ఆ జానెడు దూరం ఇంకా కళ్ళ ముందే ఉంది.

“నువ్వు పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టట్లేదు” అన్నాను. “నీ పరదా తీసేస్తే కిందికొస్తావనుకున్నాను. నీకు నిద్ర చెడగొట్టి ఇంతమందిని ఎక్కించుకునే బస్సుకు పంపించాను. వెధవని.”

“నా నిద్రేం చెడలేదులే. పొద్దున పదకొండు నుంచి రెండు దాకా నాకు బస్సు లేదు కదా. ఈసాక్ కొట్టంలో పడుకుంటున్నాను. కిటికీకి మంచి పరదా కూడా ఉంది.”

నాలుగు రాత్రులు నేను కాపలా కాసింది ఎవరి నిద్రకు?

“అయితే నువ్వు ఇక కిందికి రావు” అన్నాను.

గున్వోర్ నా చొక్కాకు అంటుకున్న చేప పొలుసు గిల్లి పారేసింది.

“నీ గురక వల్ల వెళ్ళానని చెప్పాను కదా. అబద్ధం. గురకకు ఎప్పుడో అలవాటు పడ్డాను. నీ గురక ఆగిపోవడం వల్ల వెళ్ళాను.”

“ఆగితే మంచిదేగా?”

“ఊపిరి కూడా ఆగుతుంది ఐలిఫ్. అక్కణ్ణుంచి నేను లెక్కపెడతాను. పది, ఇరవై. ఒకసారి నలభై రెండు దాకా వెళ్ళింది. అప్పుడు ఉలిక్కిపడి మళ్ళీ గురక మొదలెడతావు. నేను మళ్ళీ తర్వాతి దానికోసం మేలుకుని ఉంటాను. డాక్టరుకు చూపించుకోమని మూడుసార్లు చెప్పాను. నాకేం రోగం అన్నావు. ఫిబ్రవరిలో ఒక పొద్దున బస్సులో పదకొండు మందిని పెట్టుకుని నేను కళ్ళు మూశాను. రెండే క్షణాలు. ఆ సాయంత్రమే దిండు తీసుకుని పైకి వెళ్ళాను.”

“పైకి వినిపించదా?”

“వినిపిస్తుంది. కానీ అంత దూరం నుంచి లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే కాస్త నిద్ర పడుతుంది.”

నేను ఆమె చేయి పట్టుకున్నాను. చేపల వాసన కొడుతోందంది. కానీ విడిపించుకోలేదు.

“నేను ఒక్క కునుకూ తియ్యట్లేదు గున్వోర్, ఒట్టు” అన్నాను.

“తీస్తున్నావు. ఆ సంగతి ఊరంతటికీ వినిపిస్తోంది, నీకు తప్ప” అని లేచి, బస్సును డాక్టరు ఇంటి వైపు తిప్పింది.

డాక్టర్ తిరిల్ మా ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయి. నా వేలికి క్లిప్పు, ముక్కుకు గొట్టం, రొమ్ముకు పట్టీ కట్టుకుని ఒక రాత్రి పడుకోమంది. మర్నాడు లెక్క చూసి కనుబొమలు పైకెత్తింది.

“గంటకు ముప్ఫై ఎనిమిదిసార్లు మీ ఊపిరి ఆగుతోంది. రక్తపోటు పెరిగింది. ఆ అర్ధరాత్రి ఆకళ్ళు, ఏడుపులు, మరుపు, అన్నీ దీనివే. రాత్రంతా మీరు మంచం మీదున్నారు కానీ మీ గుండె కొండ ఎక్కి దిగుతోంది. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు ఎక్కి, దిగదు.”

“నేను మా ఆవిడ మీద బెంగ అనుకున్నానమ్మా” అన్నాను.

“అందులో సగం, గొంతు వెనక వదులైన కండ. దానికి ముక్కులోకి గాలి ఊదే యంత్రం ఇస్తాం.”

“మిగతా సగం?”

“ఆ సగానికి మా దగ్గర యంత్రం లేదు” అంది నవ్వుతూ.

యంత్రం రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ నన్ను పక్కకు తిరిగి పడుకోమన్నారు, బండి ముట్టుకోవద్దన్నారు. రేవులో చీపురు పట్టుకున్నాను. గున్వోర్ మేడ మీదే ఉంది. పరదా తెచ్చి నా చేత్తోనే తగిలించాను. రోజూ రాత్రి ఆమె మెట్లు ఎక్కుతుంటే కింద నిలబడి చూసేవాణ్ణి. పదమూడు మెట్లు. “శుభరాత్రి” అనేది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న గుమ్మం దగ్గర నన్ను ఇలాగే వదిలేసి లోపలికి వెళ్ళేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఎదురుచూడటం చేతనయ్యేది.

జులై చివర్లో పడవ మీద యంత్రం వచ్చింది. ముక్కుకు తొడుగు, దానికో పొడుగాటి గొట్టం. అద్దంలో చూసుకుంటే ఏనుగు. “ఎలా ఉన్నాను?” అన్నాను.

“ఇదివరకటి కన్నా నయం” అంది గున్వోర్.

ఆ రాత్రి ఆమె దిండు తీసుకుని మేడ దిగింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని ముందు పావుగంట నా ఊపిరి విన్నది. తర్వాత వచ్చి పడుకుంది. ‘వచ్చావా’ అందామని నోరు తెరిచాను. ఆ యంత్రంతో వచ్చిన చిక్కేమిటంటే, నోరు తెరిస్తే ముక్కులోకి పోవలసిన గాలంతా నోట్లోంచి బుస్సుమంటూ బయటికి వస్తుంది. మూసుకోక తప్పలేదు.

గున్వోర్ మోచేతి మీద లేచి నన్ను చూసింది. ఆమె కళ్ళల్లో మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

“అంటే, ఇది పెట్టుకున్నంతసేపూ నువ్వు మాట్లాడలేవు?”

తల ఊపాను.

“నేను మాట్లాడొచ్చు?”

ఇక మొదలైంది. మా పెళ్ళిలో నేను వేసిన పాడు జోకు నుంచి, తొంభై ఎనిమిదిలో మర్చిపోయిన ఆమె పుట్టినరోజు మీదుగా, ఇప్పటికీ కారుతున్న స్నానాలగది కొళాయి దాకా. ఒక్కదానికీ జవాబు చెప్పుకునే వీల్లేదు. నేను గాలి పీలుస్తూ, వింటూ పడుకున్నాను. అంత తియ్యటి తిట్లు నేను ఆరు నెలలుగా వినలేదు.

చివరికి ఆమె గొంతు మెత్తబడింది. మాటలు ఒకదానికొకటి దూరమయ్యాయి. “పైన ఆ గదిలో...” అంది. “నువ్వు లేకుండా ఐలిఫ్... నాకు...”

ఊపిరి బిగబట్టబోయి, యంత్రం ఒప్పుకోక మానేశాను. ‘నాకు?’ నాకు ఏమిటి? తిరిగి చూస్తే గున్వోర్ నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, లెక్కలేవీ లేని మొహంతో.

ఆ మాట పూర్తి చేస్తుందేమోనని చాలాసేపు మేలుకునే ఉన్నాను.

పొద్దున కాఫీ దగ్గర, ఏమీ పట్టనివాడిలా అడిగాను. “రాత్రి ఏదో అంటూ ఆపేశావు. ‘నువ్వు లేకుండా నాకు’ అన్నావు. నాకు ఏమిటి?”

గున్వోర్ రొట్టెకు వెన్న రాస్తున్న చేయి ఆపింది.

“నేనా? అప్పటికి నేను నిద్రలో ఉన్నాను కదా. నీకెలా వినిపించింది? అయితే నువ్వు నిద్రపోలేదన్నమాట. యంత్రం పనిచెయ్యట్లేదు. ఉండు, డాక్టర్ తిరిల్‌కు ఫోన్ చేస్తాను. అది మార్చేదాకా నేను మళ్ళీ పైన...”

“వద్దు వద్దు!” అన్నాను కంగారుగా. “నిద్రపోయాను. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. నాకేమీ వినిపించలేదు.”

“ఏమీ?”

“ఒక్క ముక్క కూడా.”

“అలా అయితే సరే” అంది గున్వోర్. రొట్టె నా పళ్ళెంలో పెట్టి, బస్సు తాళాలు తీసుకుని, నవ్వు దాచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.