గొంగట్లో ఫోటోగ్రాఫర్

మీ ఇంటి ముందుగది గోడకు ఎన్ని మేకులున్నాయి? ఎన్నుంటేనేం అంటారు. సొంతిల్లు కాబట్టి అంటారు. మాది దేవరకొండలో కిరాయి ఇల్లు. తాళంచెవి చేతిలో పెడుతూనే మా ఓనరు ప్రమీలమ్మ గారు చెప్పేశారు.

"కొత్తగ సున్నమేయించిన. గోడకు ఒక్క మేకున్నది. ఇంకోటి కొట్టిండ్రో, మీ సామాను బజార్ల ఉంటది."

ఆ ఒక్క మేకుకే నేను వేలాడుతున్నాను. అంటే నా ఫోటో. కంగారు పడకండి, దండ లేదు. సాల్వా ఉంది.

నేను బస్టాండులో కంట్రోలర్‌ని. ఏ బస్సు ఎక్కడికొస్తుందో మైకులో చెప్పడం నా ఉద్యోగం. మైకు చెడిపోయిన రోజు కూడా ఎవరికీ తెలియదు, నా గొంతు అలాంటిది. ఆ గొంతుకు మెచ్చి ఒకసారి సాల్వా కప్పారు. ఫోటో తీసినవాడు సరిగ్గా నేను కళ్ళు మూసిన క్షణాన్నే పట్టుకున్నాడు.

"సన్మానం చేసిండ్రా, నిద్రవోతుంటె దుప్పటి కప్పిండ్రా?" అని మా ఆవిడ నాగరాణి నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉంది.

అన్నట్టు నా పేరు పర్వతాలు. పేరు బహువచనం. ఇంట్లో పిలుపు ఏకవచనం.

ఆమధ్య ఓ బుధవారం నాగరాణి పిల్లలిద్దర్నీ స్టూడియోకు తీసుకెళ్ళి ఫోటో తీయించుకొచ్చింది. తొమ్మిదేళ్ళ మల్లిక, ఆరేళ్ళ సునీల్, మధ్యలో ప్లాస్టిక్ పూలకుండీ. ముగ్గురిలో కాస్త జీవకళ ఉన్నది కుండీకే.

"నీ ఫోటో దించు. మేకుకు ఇది పెడ్దాం," అంది.

నా గుండెలో మేకు దిగింది.

"గిదేం ఫోటోనే! దొంగతనం కేసుల దొరికినట్టున్నరు. పిల్లల ఫోటో అంటె సహజంగ ఉండాలె. వాళ్ళకు తెల్వకుండ తియ్యాలె. నేను తీస్త."

"నువ్వా? నీ కండ్లే తెరువ చాతగాలే. పిల్లల కండ్లు ఎప్పుడు తెరిచుంటయో నీకేమెరుక?"

"జర టైమియ్యి. సహజమైన ఫోటోకు ఓపిక కావాలె."

మీరు మనవాళ్ళు కాబట్టి లోపలి మాట చెబుతున్నాను. ఓపిక అనే మాటలోనే ఉంది నా కిటుకంతా. ఈ ఆదివారం కుదరదు, వచ్చే ఆదివారం మబ్బు పడుతుంది, ఆ పై ఆదివారం సునీల్‌కు జలుబు చేస్తుంది. అందాకా మేకు నాదే.

కానీ నాగరాణి పదకొండేళ్ళుగా నన్ను చదువుతోంది. సిలబస్ చిన్నదే.

"ఈ ఆదివారం మా అమ్మోళ్ళ ఊరికి పోతున్నం గద. ఆ పొద్దు గూకేలోపల తియ్యి. తీస్తె నువ్వూ పిల్లలూ ఒక్కటే ఫ్రేముల. తియ్యకుంటె నీ సాల్వా ఫోటో సజ్జ మీదికి. అక్కడ ఎలుకలు జేస్తయ్ సన్మానం."

ఆదివారం పొద్దున్నే అత్తగారి ఊళ్ళో దిగాం. ఊరు దేవరకొండకు దగ్గరే, ఖిల్లా గుట్ట కనబడుతూనే ఉంటుంది. అత్తమ్మకు ముప్పై జీవాలున్నాయి, గొర్రెలూ మేకలూ కలిపి. చూశారా, మేకు కోసం బయలుదేరి మేకల దగ్గర తేలాను.

పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు. మెల్లగా ఫోన్ ఎత్తాను. సునీల్ టక్కున చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బళ్ళో నేర్పినట్టు.

"బాపూ, నవ్వాల్నా? సహజంగ ఉండాల్నా?"

మల్లిక తల పక్కకు వంచి, రెండు వేళ్ళు చూపించి ఆకాశంలోకి చూసింది.

"నేను నిన్ను చూస్తలేనన్నట్టు చూస్తున్న బాపూ. జల్ది తియ్యి."

"ఇటు చూడొద్దుండ్రి!" అని అరిచాను. బస్టాండు గొంతు కదా, పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, దారినపోయే యాదయ్య, అతని ఎడ్లు, అందరూ ఇటే చూశారు.

అది సర్దుకునేలోగా అసలు ఉపద్రవం ఇంట్లోంచి వచ్చింది. మా అత్తమ్మ పేరు సుక్కమ్మ. పేరుకు తగ్గ మనిషి. మనుమల మీదికి ఎవరు ఫోన్ ఎత్తినా, బొడ్లోంచి కాటుక డబ్బీ తీసి ఇద్దరి బుగ్గలకూ దిష్టి సుక్క పెట్టందే నొక్కనివ్వదు.

"అత్తమ్మా, చెప్పకుండ తీస్తెనే ఫోటో సహజంగ వస్తది."

"చెప్పకుండ తీస్తెనే దిష్టి గూడ తగుల్తది అల్లుడా. దిష్టి ఏమన్న చెప్పొస్తదా, నీ బస్సు లెక్క?"

"ఇందాక పెట్టిన సుక్క ఉండనే ఉన్నది గద!"

"అది ఇందాకటి ఫోటోది. ఫోటోకొక సుక్క. మొన్న యాదయ్య మనుమరాలి ఫోటో వాట్సాప్‌ల పెట్టిండు. ఊరంత జూసింది. మూడొద్దులు పోరి బువ్వ ముట్టలే."

చెట్టెక్కి తీద్దామంటే చెట్టు కిందికి డబ్బీ వచ్చింది. తలుపు చాటు నుంచి తీద్దామంటే తలుపు వెనకాల అప్పటికే అత్తమ్మ ఉంది. మధ్యాహ్నానికి సునీల్ మొహం గిన్నెకోడిలా తయారైంది. మల్లిక బుగ్గ మీద రాత్రి ఆకాశమంత సుక్కలు. ప్రతి ఫోటో తర్వాతా ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయడం మరొకటి. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గింది. ఇరవై మూడు ఫోటోల్లో సహజంగా వచ్చింది ఆ దగ్గొక్కటే.

"ఎంతవరకొచ్చింది?" అంది నాగరాణి, తాపీగా చిక్కుడుకాయలు తుంచుతూ.

"వస్తాంది."

"పొద్దు గూడ పోతాంది."

నిజమే. ఎండ పసుపురంగుకు తిరిగింది. సజ్జ మీద ఎలుకలు నా కోసం సాల్వా సర్దుతున్నట్టు అనిపించింది. ఇక లాభం లేదు, పిల్లలకూ అత్తమ్మకూ కనబడకుండా తీయాలనుకున్నాను. దండెం మీద మామ గొంగడి కనిపించింది. నల్లటి ఉన్ని గొంగడి. అది కప్పుకుని దొడ్డిలో జీవాల మధ్య ముడుచుకుని కూర్చున్నాను. చిరుగులోంచి ఫోన్ కన్ను ఒక్కటే బయటికి.

గొంగట్లో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరొద్దంటారు పెద్దలు. నోట్లోకి వచ్చినవి ఏరక ఏం చేస్తాం?

కాసేపటికి పిల్లలు వచ్చారు. ఎవరు కడిగారో గాని మొహాలు తేటగా ఉన్నాయి, ఒక్క సుక్క లేదు. మల్లిక దోసిట్లో తవుడు పట్టుకుని మేకపిల్లకు తినిపిస్తోంది. సునీల్ దాని చెవిలో ఏదో రహస్యం చెబుతున్నాడు. చెప్పింది నచ్చినట్టుంది, మేకపిల్ల తల ఊపింది. వాడు పకపకా నవ్వాడు. ముందు రెండు పళ్ళు లేని నవ్వు. పళ్ళు ఎప్పుడూడాయో కూడా నేను చూడలేదు.

నా పిల్లలు ఇంత ముద్దుగా ఉంటారా అనుకున్నాను. బొటనవేలు నొక్కడం మరిచిపోయింది. గుండె ఉబ్బిపోయింది, దాంతోపాటు గొంతూ ఉబ్బింది.

"అట్లనే ఉండుండ్రి! కదలొద్దు!"

పన్నెండు బస్సులకు వినబడేంత కేక. సునీల్ చేతులు కట్టుకున్నాడు. మల్లిక రెండు వేళ్ళు చూపించింది. జీవాలన్నీ బిగుసుకుపోయాయి. కదిలింది ఒక్కటే. అత్తమ్మ మేకపోతు. నాదేమో మేకపోతు గాంభీర్యం, దానిది అసలుది. గొంగడి కప్పుకుని మాట్లాడే జీవాన్ని అది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి, ఒక్కటిచ్చింది.

నేను వెళ్ళి కుడితి తొట్టిలో కూర్చున్నాను. గొంగడి భుజాల మీద, తవుడు మీసాల మీద. ఫోన్ తొట్టి అడుగున. పిల్లలు తొట్టి అంచు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వుతున్నారు.

క్లిక్.

తల తిప్పి చూస్తే దొడ్డి గుమ్మంలో నాగరాణి. చేతిలో తన ఫోన్.

"నేనిక్కడున్నట్టు నీకెట్ల తెలిసింది?" అన్నాను, కుడితి ఉమ్మేస్తూ.

"దొడ్డి బయట నీ చెప్పులున్నయ్. మేకలు చెప్పులిడిసి లోపటికి పోతయా?"

"పిల్లల మొకాలు కడిగి పంపిందెవరు?"

"నేనే."

"మరి మేకపోతు తాడు ఎవరిప్పిండ్రు?"

నాగరాణి కొంగు సర్దుకుని గుట్టవైపు చూసింది.

నా కేక విని అత్తమ్మ డబ్బీ పట్టుకుని ఉరికొచ్చింది. పిల్లల బుగ్గలు చూసి ఆగిపోయింది. "సుక్క లేకుండనే ఫోటో తీసినవా రాణీ? గింత నవ్వు నవ్వుతున్న పొరగాండ్లను? తీసెయ్, ఇప్పుడే తీసెయ్ దాన్ని!"

నాకు ఆశ పుట్టింది. ఫోటో పోతే పందెం పోయినట్టే, మేకు పంచాయితీ మళ్ళీ మొదటికొస్తుంది.

"ఒక్కపాలి జూడు అమ్మా," అని నాగరాణి ఫోన్ చేతికిచ్చింది.

అత్తమ్మ ఫోన్‌ను దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది. మనుమల నవ్వు చూసింది. మధ్యలో గొంగడితో, తవుడుతో, కళ్ళు మూసుకుని ఉన్న నన్ను చూసింది. డబ్బీ మూత టక్కున మూసేసింది.

"ఏం ఫికర్ లేదు బిడ్డా. పక్కన అల్లుడున్నడు గద. ఇంక దిష్టెట్ల తగుల్తది?"

ఇప్పుడు మా మేకుకు ఆ ఫోటోనే ఉంది. "మాట తప్పిన్నా? ఒక్క ఫ్రేముల నువ్వూ, పిల్లలూ," అంటుంది నాగరాణి. సాల్వా ఫోటో సజ్జ మీద ఉంది. ఎలుకలు గౌరవంగానే చూసుకుంటున్నాయట.

అత్తమ్మ మాత్రం కాటుక పెట్టడం పూర్తిగా మానేసింది. పిల్లల మీదికి ఎవరు ఫోన్ ఎత్తినా నన్ను కేకేస్తుంది. "అల్లుడా, జర ఇటొచ్చి పక్కన నిలవడు."

వెళ్ళి నిలబడుతున్నాను. కళ్ళు మూసుకోవడం ఎలాగూ అలవాటే.